శుక్రవారం మధ్యాహ్నం గడి: ఒక భాగస్వామ్య వివాదం, రెండు 1948లు

ఈ కేసులోని ఇద్దరూ చదివి సరేనన్న తర్వాతే దీన్ని బయటపెడుతున్నాను. వయసులు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. షాపు ఏ వీధిలో ఉందో చెప్పను. అది మందుల షాపు అన్న సంగతి మాత్రం మార్చలేదు. అది మారిస్తే కేసే నిలబడదు.

నేను చికాగోలో మధ్యవర్తిని. వ్యాపార భాగస్వాములు, ఆస్తి పంచుకునే అన్నదమ్ములు, విడిపోతున్న దంపతులు కోర్టు మెట్లెక్కే ముందు నా దగ్గరకు వస్తారు. ఒకరి రాజకీయాభిప్రాయాలు మార్చడం నా పని కాదు, అందుకు నాకు ఎవరూ డబ్బివ్వరు. ఈ కేసులో ఇద్దరి అభిప్రాయాలూ కొంత మారాయి. నేను మార్చానని చెప్పుకోను. మూడుసార్లు ఆ దారికి అడ్డం పడ్డానని మాత్రం చెప్పగలను. వాళ్లతో పాటు నాదీ ఒక అభిప్రాయం కదిలింది. తెలుగులో రాయడానికి అదే కారణం.

నేపథ్యం

చికాగో ఉత్తరాన డెవాన్ అనే పొడవాటి వీధి ఉంది. హైదరాబాదీ బిర్యానీ, చీరల దుకాణాలు, హలాల్ మాంసం అమ్మేవాళ్లు ఒక వైపు. ఇంకాస్త పడమరకు నడిస్తే యూదుల బేకరీలు, ప్రార్థన మందిరాలు. ఆ వీధి ముక్కలకు గౌరవ సూచకంగా గాంధీ, జిన్నా, షేక్ ముజీబ్, గోల్డా మెయిర్ పేర్లు పెట్టారు. నలుగురూ ఒకే వీధిలో సర్దుకున్నారని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకుంటూ ఫొటోలు తీసుకుంటారు. షాపు ఆ ప్రాంతానికి దగ్గరలోనిదే.

యజమానులు ఇద్దరు, ఇద్దరూ ఫార్మసిస్టులే. ఒకరికి అరవై దాటాయి, ఆచారం తప్పని యూదుడు. ఆయన్ని పెద్దాయన అంటాను. రెండో వ్యక్తిని చిన్నవాడు అంటాను కానీ అతనికీ నలభై దాటాయి. తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో పుట్టి, పదకొండేళ్ల వయసులో తల్లిదండ్రులతో అమెరికా వచ్చిన ముస్లిం. ఇంట్లో ఉర్దూ, వాళ్లమ్మకు తెలుగు ధారాళంగా వచ్చు, అతనిది చిన్నప్పటి బడి తెలుగు. భాగస్వామ్యం పద్నాలుగేళ్లది.

లైసెన్సు ఉన్న ఫార్మసిస్టు లోపల లేకుండా అక్కడ చీటీ మందులు ఇవ్వకూడదు. కాబట్టి ఇద్దరిలో ఒకరు కౌంటర్ వెనక ఉండి తీరాలి. పెద్దాయన శుక్రవారం పొద్దు గూకేలోపు ఇల్లు చేరాలి, యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు అప్పుడే మొదలవుతుంది. శనివారం రాత్రి దాకా పని చేయరు, ఫోను ముట్టరు. చిన్నవాడికి శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు ఉంటుంది. పద్నాలుగేళ్లుగా ఇద్దరూ ఈ రెండింటినీ ఒక కాగితం మీద సర్దుకున్నారు. గిడ్డంగి తలుపు వెనక టేపుతో అంటించిన వారపు పట్టిక అది. చివరి గడిలో ఆ రోజు సూర్యాస్తమయం వేళ రాసి ఉంటుంది. చికాగోలో డిసెంబరులో సాయంత్రం 4:20కే చీకటి పడుతుంది, జూన్‌లో 8:30 దాకా వెలుతురే. కాబట్టి పెద్దాయన బయల్దేరే వేళ ప్రతి వారమూ మారేది. ఆ గడి నింపేది చిన్నవాడు. రంజాన్ నెలలో మాత్రం పెద్దాయన నింపేవారు, ఉపవాసం విడిచే వేళ కూడా అదే కనుక.

నా దగ్గరకు వచ్చినప్పుడు

2023 అక్టోబరు 7న గాజాలోని సాయుధ సంస్థ హమాస్ ఇజ్రాయెల్ మీద చేసిన దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా గాజాకు పట్టుకెళ్లారు. పెద్దాయన బంధువుల కుటుంబం ఒకటి దక్షిణ ఇజ్రాయెల్‌లో ఉంది. వాళ్లు బతికారు, పక్కింటివాళ్లు బతకలేదు. ఆ వారం చిన్నవాడు ఏమీ అడగలేదు. ఏమని అడగాలో తెలియలేదని తర్వాత నాతో అన్నాడు. అక్టోబరు 14న మా ఇల్లినాయ్‌లోనే, ప్లెయిన్‌ఫీల్డ్‌లో, ఆరేళ్ల పాలస్తీనా-అమెరికన్ బాబును ఇంటి యజమాని కత్తితో పొడిచి చంపాడు. చిన్నవాడికీ ఆ వయసు కొడుకున్నాడు. ఆ వారం పెద్దాయన ఏమీ అడగలేదు.

నెలాఖరులో పెద్దాయన షాపు అద్దానికి బందీల పోస్టర్లు నాలుగు అంటించారు. ఇజ్రాయెల్ ఎదురుదాడుల్లో గాజాలో చనిపోతున్న పిల్లల మాటేమిటని కొందరు ఖాతాదారులు చిన్నవాడిని అడిగారు. ఒక ఉదయం అతను ఒక పోస్టరు తీసేశాడు. చింపలేదు, నాలుగు మడతలు పెట్టి సొరుగులో పెట్టాడు. ఆ సంగతి పెద్దాయనకు తెలియదు. ఆయనకు కనబడింది అద్దం మీద ఖాళీ చోటు, టేపు మరకలు. దేశమంతటా పోస్టర్లు చింపుతున్న దృశ్యాలు టీవీలో వస్తున్న రోజులవి.

ఆ మరుసటి వారం పట్టికలో శుక్రవారం మధ్యాహ్నం గడిలో పెద్దాయన చేతిరాతతో ‘వీలుకాదు’ అని ఉంది. చిన్నవాడు వరుసగా తొమ్మిది జుమాలు పోగొట్టుకున్నాడు. పదో వారం అతను నమాజుకు వెళ్లిపోయాడు. మందుల కౌంటర్ రెండు గంటలు మూతపడింది. ఇన్సులిన్ కోసం వచ్చిన ఒక ముసలావిడ చలిలో నిలబడి వెనక్కి పోయింది.

2024 జనవరి 31న గాజాలో కాల్పుల విరమణ కోరే తీర్మానం చికాగో నగర సభ ముందుకు వచ్చింది. 23-23తో ఓట్లు సమానమయ్యాయి, మేయర్ తన ఓటు వేసి నెగ్గించారు. ఆ రోజు ఇద్దరూ ఒకరికొకరు చెప్పకుండా సభ దగ్గరకు వెళ్లారు, ఎదురెదురు గుంపుల్లో ఒకరినొకరు చూసుకున్నారు. వారం తర్వాత భాగస్వామ్యం రద్దుకు పెద్దాయన లాయరును కలిశారు. ఆ లాయరు వాళ్లను నా దగ్గరకు పంపించింది. ఆమె రాసిన ఉత్తరంలో సమస్య ‘పని వేళల వివాదం’ అని ఉంది. అది అబద్ధమేమీ కాదు.

మొదటి మూడు ప్రయత్నాలు

మొదటి రోజే ఒక తప్పు చేశాను, అది ప్రయత్నాల లెక్కలోకి కూడా రాదు. లోపలికి వస్తూ చిన్నవాడు నా పేరు చూసి తెలుగులో ‘నమస్తే అక్కా’ అన్నాడు. నోటి చివర ఉన్న మాట, ‘రా తమ్ముడూ’ అన్నాను. పెద్దాయన మా ఇద్దరి మొహాలూ చూశారు. మన దగ్గర దారిన పోయేవాళ్లను కూడా అక్కా, అన్నా అంటామని, అది చుట్టరికం కాదని వివరించాను. వివరించాల్సి వచ్చిందంటేనే నా తటస్థత ఒక మెట్టు దిగిందని అర్థం. ఉమ్మడి సమావేశాల్లో తెలుగు ముక్క మాట్లాడనని అప్పుడే ఇద్దరి ముందూ చెప్పాను.

మొదటి ప్రయత్నం షాపులో రాజకీయాలు మాట్లాడకూడదన్న నియమం. వ్యాపార వివాదాల్లో నేను అలవాటుగా వాడే పనిముట్టు అది. గొడవ ఎక్కడ మొదలవుతుందో అక్కడ కంచె వేస్తే మిగతా పని సాగుతుందని నా లెక్క. రెండు వారాల్లో బోల్తా పడింది. వాళ్ల అసలు గాయమే మౌనం. ఒకరు కష్టంలో ఉన్నప్పుడు రెండో వాళ్లు నోరు విప్పలేదన్నదే ఇద్దరి ఫిర్యాదు. నేను పోయి ఆ మౌనాన్నే నియమంగా రాసి, ఇద్దరి చేతా సంతకం చేయించాను.

రెండోది, ఒక్కొక్కరికీ సమానంగా పది నిమిషాలు. ఎవరి చరిత్ర వాళ్లు చెప్పాలి, రెండో వాళ్లు అడ్డు రాకూడదు. అప్పటికి ఫిబ్రవరి చివర. గాజా ఆరోగ్య శాఖ లెక్కలో మృతులు 30,000 దాటిన వారం. చిన్నవాడు తన పది నిమిషాల్లో ఆ సంఖ్య ఉన్న ఫోను బల్ల మీద పెట్టి కూర్చున్నాడు, ఒక్క మాటా మాట్లాడలేదు. సమయం అయిపోయాక, ‘మీ గడియారానికి రెండు వైపులా ఒకే బరువు కనిపిస్తోందా?’ అని నన్నడిగాడు. పెద్దాయన తన పది నిమిషాల్లో అక్టోబరు 7 గురించి చెప్పబోయి, చిన్నవాడి ఫోను వైపు చూస్తూ, ప్రతి వాక్యానికీ ముందు ‘అక్కడా చనిపోతున్నారని నాకు తెలుసు, కానీ’ అని చేర్చుకుంటూ పోయారు. చివరికి చెప్పదలచుకున్నది చెప్పనే లేదు. సమాన సమయం న్యాయమనుకున్నాను. ఒకరికి అది అవమానమైంది, మరొకరికి సంజాయిషీ అయింది.

దీన్ని సరిదిద్దుకోవడానికి విడివిడిగా కూర్చున్నప్పుడు ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాను: ఎదుటివాళ్ల నుంచి కాక, నా నుంచి మీకేం కావాలి? చిన్నవాడు ఆ సంఖ్యను నా నోటితో పలకమన్నాడు, పక్కన ఇంకే సంఖ్యా చేర్చకుండా. పెద్దాయన ఒక్క సమావేశమంతా ఎవరూ ‘కానీ’ అనకుండా అక్టోబరు 7 గురించి మాట్లాడనివ్వమన్నారు. ఇద్దరికీ ఇచ్చాను, వేరు వేరు రోజుల్లో. నిమిషాలు సమానం కాలేదు. మార్చి 11న రంజాన్ మొదలైన రోజు పట్టిక చివరి గడిలో 6:52 అని పెద్దాయన చేతిరాత కనిపించిందని చిన్నవాడు నాకు సందేశం పంపాడు. దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు, నేనూ ఎత్తలేదు. చిన్న మొలక కనబడగానే నీళ్ల బిందె పట్టుకుని పరిగెత్తడం మా వృత్తిలో చాలామందికి ఉన్న జబ్బు.

మూడోది భోజనం. తిండి మనసులను కలుపుతుందనే కథలంటే నాకు మొదటి నుంచీ అపనమ్మకమే. అయినా చేశాను, అప్పటికి నా దగ్గర వేరే ఉపాయం లేదు. యూదుల నియమాలు పాటించే హోటలు నుంచి తెప్పిస్తే ఇద్దరూ తినవచ్చని లెక్క వేశాను. చిన్నవాడు కూరగాయ ముక్కలు తప్ప ఏమీ తినలేదు. ఎప్పుడూ వాళ్ల నియమమే ఉమ్మడి నియమం అవుతుందన్నది అతని బాధ. పెద్దాయన ఇంటి నుంచి ఒక సీసా తెచ్చారు. పసుపు పచ్చటి మామిడికాయ ఊరగాయ, ఇరాకీ యూదుల ఇళ్లలో దాన్ని అంబా అంటారు. తర్వాత విడిగా కూర్చున్నప్పుడు చిన్నవాడు సగం నవ్వుతూ అన్నాడు: ‘మా మామిడికాయ కూడా వాళ్లదే అయిపోయింది అక్కా.’ ఆ నవ్వులోని మిగతా సగం సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఇంటికి ఎప్పుడు వచ్చింది?

ఏప్రిల్‌లో దారి మార్చాను. అభిప్రాయాల మీద ప్రశ్నలు మానేసి, ఆ అభిప్రాయం మీ ఇంటికి ఎప్పుడు, ఎవరి చేతుల్లో వచ్చిందని అడగడం మొదలుపెట్టాను. నా ఆలోచన ఇది. ‘నువ్వు నమ్మేది తప్పా ఒప్పా’ అని అడిగితే మనిషి లాయరు అవుతాడు. ‘ఎవరు చెప్పారు’ అంటే మనవడు అవుతాడు. మనవడితో మాట్లాడటం కొంచెం సులువు.

అప్పటికి చిన్నవాడి నోట పదే పదే వినిపించిన వాక్యం: ‘వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో అక్కడికే పోవాలి.’ పెద్దాయన వాక్యం: ‘మమ్మల్నీ అరబ్బు దేశాలు వెళ్లగొట్టాయి, మేం తిరిగి రానివ్వమని అడగలేదు. లెక్క సరిపోయింది.’

చిన్నవాడి ఇంటికి వెళ్లాను. సాధారణంగా వెళ్లను. వాళ్లమ్మే రమ్మన్నది. పెద్దాయనకు ముందే చెప్పి, ఆయన సరేనన్నాకే వెళ్లాను. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. ‘దా బిడ్డా, కూర్చో’ అని తెలుగులోనే మొదలుపెట్టింది. పాలస్తీనా సంగతి మీ ఇంట్లోకి ఎప్పుడు వచ్చిందమ్మా అని అడిగాను. ఆవిడ బీదర్ గురించి చెప్పింది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. మనం పోలీసు చర్య అని చదువుకున్నది అదే. ఆ రోజుల్లో, ఆ తర్వాతి వారాల్లో బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ఘోరమైన హింస జరిగింది. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువగా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటకు రాలేదు. ఆవిడ తండ్రి ఒక చిన్న గుమాస్తా. అప్పటికి ఆవిడకు రెండేళ్లు. తండ్రి శవం దొరకలేదు. తల్లి పిల్లలను తీసుకుని తెలంగాణలోని అన్నగారింటికి చేరింది. ‘ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు బిడ్డా. బయట అంటే ఇంకా భయం. రజాకార్ల ఇల్లు అంటారని.’ తర్వాత ఎప్పుడో టీవీలో పాలస్తీనా శిబిరాలు చూపించినప్పుడు ఆవిడ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చిన్నవాడికి అప్పుడు ఆరేడేళ్లు. ఎందుకేడుస్తున్నావంటే ‘మనవాళ్లు’ అంది అవ్వ.

అంతవరకూ అతని రాజకీయాలు మసీదు నుంచో, వాట్సాప్ నుంచో వచ్చాయని నేను అనుకున్నాను. వచ్చి ఉండవచ్చు కూడా. అడుగున మాత్రం పేరు పెట్టి ఏడవడానికి వీల్లేని ఒక తాత ఉన్నాడు. ఆ తాత కోసం ఏడవగలిగిన ఒకే చోటు పాలస్తీనా. ‘ఎక్కడి నుంచి వచ్చారో’ వాక్యాన్ని ఎవరు ప్రశ్నించినా అతనికి తాత చావును ప్రశ్నించినట్టే.

నాకు నేనే అడ్డు

ఆవిడ చెబుతున్నప్పుడు నా లోపల ఒక వాక్యం లేచింది: మరి రజాకార్ల సంగతో?

మా నాన్నమ్మ ఊరు జనగామ వైపు. 1948 వేసవిలో రజాకార్లు ఊరి మీద పడి ఇళ్లు తగలబెట్టారు. తాతయ్య రెండు రాత్రులు జొన్న చేలో దాక్కున్నాడు. మా ఇంట్లో పోలీసు చర్య అంటే ఊపిరి పీల్చుకున్న రోజు. సెప్టెంబరు 17ను విమోచనం అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా అని హైదరాబాదులో ఏటా కొట్లాడుకుంటుంటే మా నాన్న టీవీ ముందు కూర్చుని విమోచనమేనని అరుస్తాడు. బీదర్ గురించి నేను చదివాను కూడా. చదివినది మా నాన్నమ్మ చేను దాటి లోపలికి రాలేదు, అంతే.

కారులో కూర్చున్నాక నా వాక్యాన్ని మళ్లీ చూసుకున్నాను. పెద్దాయన ‘మరి బందీల సంగతి?’ అన్నప్పుడు, చిన్నవాడు ‘మరి గాజా సంగతి?’ అన్నప్పుడు నోట్సులో నేను ‘తప్పించుకుంటున్నారు’ అని రాసుకున్నాను. నా ‘మరి’ తప్పించుకోవడానికి వచ్చింది కాదు. మా నాన్నమ్మను ఎవరో బల్ల మీద నుంచి తోసేస్తున్నట్టు అనిపించి వచ్చింది. వాళ్లకూ అలాగే వచ్చి ఉండాలి.

దీన్ని వాళ్లకు చెప్పాలా వద్దా? నా పనిని సమీక్షించే సీనియర్‌తో వారం రోజులు మాట్లాడాను. చెప్పకపోతే ఒక రకం మోసం, ఎందుకంటే ఒక పక్షం కుటుంబ చరిత్రతో నా కుటుంబ చరిత్రకు పేచీ ఉంది. చిన్నవాడికి ఒక్కడికే చెబితే అది రహస్య బంధం అవుతుంది, అక్కా-తమ్ముడు పిలుపు కన్నా ప్రమాదం. ఇద్దరికీ చెబితే సమావేశం నా చుట్టూ తిరగవచ్చు, చిన్నవాడు లేచి వెళ్లిపోవచ్చు. చివరికి ఉమ్మడి సమావేశంలో, మూడు నిమిషాల్లో, జవాబు అడగకుండా చెప్పాలని నిర్ణయించుకున్నాను. తన ఇంటి సంగతి అక్కడ ఎత్తడానికి చిన్నవాడి అనుమతి ముందే తీసుకున్నాను, ఎందుకు ఎత్తుతున్నానో మాత్రం ఇద్దరికీ ఒకేసారి తెలియాలనుకున్నాను. మేలో ఒక మంగళవారం చెప్పాను. నాన్నమ్మ, జొన్న చేను, ఆవిడ బీదర్, నా లోపల లేచిన ‘మరి’.

చాలాసేపు ఎవరూ కదలలేదు. చిన్నవాడు నా వైపు చూడలేదు. పెద్దాయన మాత్రం ఏ ఇజ్రాయెల్ ప్రసక్తీ లేకుండా అతన్ని అడిగారు: ‘మీ అమ్మగారు ఆ ఊరికి మళ్లీ ఎప్పుడైనా వెళ్లారా?’ లేదన్నాడు. ‘మా అమ్మ కూడా బాగ్దాద్‌కు వెళ్లలేదు’ అన్నారాయన.

పద్నాలుగేళ్లలో ఆయన తల్లి బాగ్దాద్‌లో పుట్టిందని చిన్నవాడికి తెలియదు. యూదులంటే యూరప్ నుంచి వచ్చినవాళ్లన్నదే అతని లెక్క. బాగ్దాద్‌లో యూదులు వేల ఏళ్లుగా ఉన్నారు. 1941 జూన్‌లో ఫర్హూద్ అనే అల్లర్లలో వందకు పైగా యూదులను చంపారు. 1950లో పౌరసత్వం వదులుకుంటేనే దేశం విడవవచ్చని చట్టం వచ్చింది, 1951లో వెళ్లేవాళ్ల ఆస్తులు స్తంభింపజేశారు. ఆ రెండేళ్లలో లక్షకు పైగా ఇరాకీ యూదులు విమానాల్లో ఇజ్రాయెల్ చేరారు. ఆయన తల్లి అప్పుడు పన్నెండేళ్ల పిల్ల. దిగగానే ఒంటి మీద డీడీటీ పురుగుమందు చల్లారు, తర్వాత గుడారాల శిబిరంలో పెట్టారు. ఆవిడ చచ్చేదాకా వంటింట్లో అరబీలోనే పాడుకునేది. చిన్నవాడు అడిగాడు: ‘మరి ఆ ఊరగాయ?’ బొంబాయికి వ్యాపారానికి వెళ్లిన బాగ్దాదీ యూదుల వల్ల వచ్చిందని ఇంట్లో చెప్పేవారట. అంబా అంటే మరాఠీలో మామిడే. ఈసారి ‘మరి’ ఆ గదిలో మామూలు మాటగా వచ్చింది.

ఇక అనని వాక్యం

జూన్ నుంచి చేసినది చాలా చిన్న పని. మీరు ఇప్పుడేం నమ్ముతున్నారో చెప్పమని అడగలేదు. అడిగితే ఎదుటివాళ్లను సంతోషపెట్టే జవాబు వస్తుంది, ఇంటికి వెళ్లాక సిగ్గు వస్తుంది, తర్వాత వారం రెట్టింపు కోపంతో తిరిగి వస్తారు. ఇదివరకు ఇతర కేసుల్లో అలా జరగడం చూశాను. కాబట్టి అడిగింది ఒక్కటే. ఇకపై మీరు అనలేని వాక్యం ఏదైనా ఉందా? ఉంటే ఒక కాగితం మీద రాసుకోండి, చూపించనక్కర్లేదు.

ఆగస్టులో చిన్నవాడు తనంతట తానే చూపించాడు. ‘ఎక్కడి నుంచి వచ్చారో అక్కడికే పోవాలి’ అన్నది కొట్టేసి ఉంది. ‘ఎక్కడికి? బాగ్దాద్‌కా?’ అన్నాడు. యుద్ధం మీద అతని మాట ఒక్క అంగుళం మారలేదు. గాజాలో జరుగుతున్నది నేరమని నమ్మాడు, ఊరేగింపులకు వెళ్లడం మానలేదు. అక్టోబరు 7 అంతా కట్టుకథ అని రోజూ వాదించే వాట్సాప్ గుంపులో నుంచి మాత్రం బయటికొచ్చాడు. ఆ గుంపు నడిపేది అతని బావమరిది. ‘నీ భాగస్వామి నిన్ను కొనేశాడు’ అని బావమరిది పెట్టిన సందేశం నాకు చూపించాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పెద్దాయన ‘లెక్క సరిపోయింది’ కొట్టేశారు. 1948లో దాదాపు ఏడు లక్షల మంది పాలస్తీనియన్లు ఇళ్లు కోల్పోయారు, దాన్ని వాళ్లు నక్బా అంటారు. అరబ్బు నాయకులు పొమ్మంటే పోయారన్నదే ఆయన బడిలో విన్న పాఠం. వేసవంతా ఇజ్రాయెలీ చరిత్రకారులనే చదివి, అది అంత సులువైన కథ కాదని తెలుసుకున్నారు. అయితే ఆయనను కదిలించింది ఆ పుస్తకాలు కాదని నా అనుమానం. ‘మా అమ్మను ఎవరూ అడగలేదు, ఆమె ఇంటికి బదులు ఇంకెవరి ఇల్లో తీసుకుంటే సరిపోతుందా అని’ అన్నారు ఒక రోజు. ఆయన ఇప్పటికీ సియోనిస్టునేనని, అంటే యూదులకు ఇజ్రాయెల్ అనే సొంత దేశం ఉండాలని నమ్మేవాడినేనని చెప్పుకుంటారు. సెప్టెంబరులో కాల్పుల విరమణ, బందీల విడుదల రెండూ కోరే ఒక లేఖ మీద సంతకం చేశారు. ఆయన ప్రార్థన మందిరంలో పాతికేళ్లుగా పక్కన కూర్చునే స్నేహితుడు కుర్చీ మార్చుకున్నాడు.

ఈ రెండు నష్టాలనూ నేను ముందే ఊహించి ఉండాల్సింది. అభిప్రాయం మారిందని బయట ప్రకటించవద్దని ఇద్దరికీ చెప్పాను, కానీ ఎందుకో గట్టిగా చెప్పలేదు. ఎదుటి పక్షంతో సఖ్యతకు ధర సొంత పక్షం దగ్గరే కట్టాలి. నా బల్ల దగ్గర వాళ్లిద్దరూ దగ్గరవుతుంటే సంతోషంలో పడి, వాళ్ల వెనక ఖాళీ అవుతున్న కుర్చీలను లెక్కపెట్టలేదు.

అక్టోబరు 26

2024 అక్టోబరు 26, శనివారం ఉదయం. మా ఉత్తర చికాగోలో ప్రార్థన మందిరానికి నడిచి వెళ్తున్న ఒక యూదు వ్యక్తి మీద కాల్పులు జరిగాయి. ఆయన బతికాడు. వార్త వచ్చేసరికి చిన్నవాడు కౌంటర్‌లో ఉన్నాడు. పెద్దాయన అదే వేళకు, అదే చుట్టుపక్కల నడుస్తారు. సబ్బాతు కాబట్టి ఫోను ఎత్తరు. చిన్నవాడు కౌంటర్ మూసి, ఆరు వీధులు నడిచి ఆయన ఇంటికి వెళ్లాడు. తలుపు తీసిన పెద్దాయన భార్య ముందు బెదిరిపోయింది. ఆయన వచ్చి చూసి, ‘షాపులో ఎవరున్నారు?’ అన్నారు. ఎవరూ లేరన్నాడు. ‘అయితే వెళ్లు, జనం నిలబడి ఉంటారు’ అన్నారు. అంతే మాట్లాడుకున్నారు. తర్వాత వారం ఇద్దరూ విడివిడిగా ఇదే కథ నాకు చెప్పారు. ఎవరూ ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

ఆ సోమవారం సొరుగులోని మడత పోస్టరు చిన్నవాడు బయటికి తీసి ఇచ్చాడట. తిరిగి అంటించలేదు. పెద్దాయన ఇంటికి తీసుకెళ్లారు.

తర్వాతి కేసుల్లో మార్చుకున్నవి

సమాన నిమిషాల పద్ధతి వదిలేశాను. ఎవరికేం కావాలో విడిగా అడిగి, వేరు వేరు రోజుల్లో ఇస్తున్నాను. మతం, దేశం కలిసిన వివాదం వస్తే, మొదటి సమావేశానికి ముందే నా ఇంటి కథ ఎవరి వైపు మొగ్గుతుందో కాగితం మీద రాసుకుంటున్నాను. దాన్ని పక్షాలకు చెప్పమని ఇతర మధ్యవర్తులకు సలహా ఇవ్వను. ఈ కేసులో అది పనికొచ్చింది కానీ, పెద్దాయన ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే నేను ఆ కేసు నుంచి తప్పుకోవాల్సి వచ్చేది. ఆ ప్రశ్న ఆయన మంచితనం, నా నైపుణ్యం కాదు. ఇక ఎవరి వైఖరైనా కదులుతున్నట్టు కనిపిస్తే మొదట అడిగేది, ఈ సంగతి ఇంట్లో ఎవరికి తెలిస్తే మీకు కష్టం అని. బావమరిది విషయంలో ఆలస్యమైన ప్రశ్న అది.

ఇప్పుడు

భాగస్వామ్యం నిలబడలేదు. 2025 వసంతంలో పెద్దాయన తన వాటా చిన్నవాడికి అమ్మేశారు. మోకాళ్లు, వయసు ఒక కారణం. రోజంతా ఒకే గదిలో ఉండలేమన్నది రెండోది, అదీ ఇద్దరూ దాచకుండా చెప్పారు. ధర మీద ఒక్క రోజు కూడా బేరం సాగలేదు. నేను చూసిన అమ్మకాల్లో అలాంటిది అరుదు. బావమరిది రంజాన్ పండుగకు రాలేదు, బక్రీదుకూ రాలేదు. చిన్నవాడి తల్లి నాకు అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. నాన్నమ్మ చేను సంగతి మళ్లీ మళ్లీ చెప్పించుకుంటుంది. బీదర్ సంగతి మా నాన్నకు నేనింకా చెప్పలేదు.

పెద్దాయన గంటల లెక్కన వారానికి ఒక్క పూట పని ఒప్పుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా కౌంటర్‌లో ఆయనే ఉంటారు. గిడ్డంగి తలుపు వెనక పట్టిక ఇంకా ఉంది. సూర్యాస్తమయం గడి మాత్రం ఎవరూ నింపడం లేదు. ఇద్దరూ ఫోనులో చూసుకుంటున్నారట.